కౌసల్యమ్మ ఒప్పుకున్న గురక

కౌసల్యమ్మ తన తప్పు ఒప్పుకోవడం నాచారం బాబానగర్ గల్లీలో ఎవరూ చూడలేదు. పప్పులో ఉప్పెక్కువైతే అది ఉప్పు తప్పు. ఈ మధ్య కంపెనీవాళ్లు ఉప్పును మరీ ఉప్పగా చేస్తున్నారట! పాలు పొంగిపోతే పాలాయన తప్పు. ఉప్పల్ బస్సు వెళ్లిపోతే, ఆ డ్రైవరుకు ఇంట్లో పెళ్లాంతో పడక పెందలాడే బయల్దేరి ఉంటాడు. కొడుకు ఉపేందర్ లగ్గంలో బగార అన్నం మాడిపోయింది. పొయ్యి దగ్గర గరిటె పట్టుకొని నిలబడ్డది ఈమే. అయినా తప్పు మొదట కట్టెలది, తర్వాత గాలిది, చివరికి ఆ పొయ్యి పెట్టిన మనిషిది అని తేలింది. నలభై ఏళ్లుగా ఆమెతో కాపురం చేస్తున్న కనకరాజు, ఫ్యాక్టరీలో ఫిట్టరు పని నుంచి రిటైర్ కావడానికి చాలా ముందే ఆమెతో వాదించడం నుంచి రిటైర్ అయ్యాడు.

అలాంటి మనిషి ఒకనాడు పొద్దున చాయ్ తాగుతూ, "రాత్రి గురక నాదే" అంది.

కోడలు మానస చేతిలోని బిస్కెట్టు చాయ్‌లో నాని, విరిగి, అడుగుకు పోయింది. మానసది తణుకు. పోచారంలో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ, ఉపేందర్‌ను ఇష్టపడి చేసుకొని ఈ ఇంటికి వచ్చింది. పాపం, ఆమె మామూలుగానే అడిగింది, మీ గదిలోంచి గురక వినిపించిందండీ, గీతికేమోనని భయమేసింది, అని.

"గీతికెందుకు పెడ్తది? నాదేనంటున్న గద" అంది కౌసల్యమ్మ మళ్లీ.

"మీకు గురక అలవాటే లేదన్నారు కదత్తయ్యా?"

"మొన్నటిసంది పెడ్తున్న. ఏం, నేను మనిషిని కానా?"

కనకరాజు పేపరు కొంచెం దించి, కళ్లజోడు పైనుంచి భార్యను చూశాడు. మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. ఆయన ఏమీ అనకపోతే ఏదో ఉందని అర్థం. ఆ పొద్దున ఆ సంగతి పట్టించుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

గురక కౌసల్యమ్మది కాదు. ఆమె పక్కలో పడుకునే ఆరేళ్ల మనవరాలు గీతికది. తనదని ఎందుకు అబద్ధమాడిందో తెలియాలంటే రెండేళ్లు వెనక్కి పోవాలి.

అప్పుడు గీతికకు నాలుగేళ్లు. ముక్కు ఎప్పుడూ దిబ్బడే. నోరు తెరుచుకొని నిద్రపోయేది. ఆ గురక విని, పై అంతస్తులో అద్దెకున్నవాళ్లు అది కనకరాజుదనుకొని కౌసల్యమ్మ మీద జాలిపడేవారు. ఒక్కోసారి నిద్రలో ఊపిరి ఆగి, కాసేపటికి గాని వచ్చేది కాదు. కౌసల్యమ్మ లేచి కూర్చొని, పిల్ల రొమ్ము మీద చెయ్యి వేసి, రావలసిన ఆ ఊపిరి కోసం ఎదురుచూసేది. ఉప్పల్లో చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ పద్మశ్రీ పరీక్ష చేసింది. ముక్కు వెనకాల, గొంతు పైభాగంలో అడినాయిడ్ అనే కండ పెరిగి ఊపిరికి అడ్డం పడుతోందని, దాన్ని తీసెయ్యాలని చెప్పింది. చిన్న ఆపరేషనే అంది. డాక్టర్లకు చిన్నదైంది నానమ్మలకు కూడా చిన్నదే కావాలని ఎక్కడా రాసి లేదు కదా.

ఆపరేషన్ రోజు ఆ గది తలుపు దగ్గర గీతిక కౌసల్యమ్మ కొంగు పట్టుకొని వదల్లేదు. తల్లి బతిమాలింది. తండ్రి సైకిలు కొనిస్తానన్నాడు. నర్సు బుగ్గ గిల్లి మరింత ఏడిపించింది. అప్పుడు కౌసల్యమ్మ పిల్ల నెత్తి మీద అరచెయ్యి పెట్టింది.

"ఈ ఒక్కసారే బిడ్డా. మల్ల ఎన్నడు నిన్ను ఈ తలుపు లోపటికి పోనియ్య. నీ మీద ఒట్టు."

పిల్ల వెక్కిళ్ల మధ్య "నిజంగ ఒట్టా?" అని అడిగింది. నిజంగ ఒట్టే అని చెప్పాక కొంగు వదిలింది.

నెత్తి మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు తప్పితే ఏమవుతుందో మన దగ్గర బడికి పోని పిల్లలకు కూడా తెలుసు. వేసినవాళ్లకు ఏమీ కాదు. ఎవరి నెత్తి మీద వేశారో ఆ నెత్తికే తగులుతుంది. ఇదేం న్యాయమని అడగొద్దు, ఈ చట్టం రాసినవాళ్లు ఇప్పుడు దొరకరు. కౌసల్యమ్మకు మాత్రం అందులో ఒక్క అక్షరం మీద కూడా అనుమానం లేదు.

ఆపరేషన్ అయ్యాక పిల్ల మూతి మూసుకొని హాయిగా నిద్రపోయింది. బాగా తిని బుగ్గలు పెంచింది. ఇక కౌసల్యమ్మను పట్టేవాళ్లు లేరు. గల్లీలో ముక్కు చీదిన ప్రతి పిల్లనూ ఆపి, నోరు తెరిపించి చూసి, "అడినాయిడు" అని తీర్పు చెప్పేది. ఎదురింటి సుశీలమ్మ మనవడికి కూడా అదే చెప్పి ఇంటిల్లిపాదినీ హడలగొట్టింది. వాడిది పిప్పిపన్ను అని తర్వాత తేలింది. అది పన్ను తప్పు.

ఈ ఏడు చలి మొదలైనప్పుడు గీతికకు జలుబు చేసింది. జలుబు పోయింది గానీ ముక్కు దిబ్బడ పోలేదు. దాని వెనకే గురక వచ్చింది. కౌసల్యమ్మ వాము వేయించి గుడ్డలో కట్టి వాసన చూపించింది. పసుపు వేసి ఆవిరి పట్టింది. పాలలో మిరియాలు కలిపి తాగించింది. గురక పెరిగిందే గాని తగ్గలేదు. కోసి తీసేసిన కండ మళ్లీ వస్తుందా? రాదు. ఒకవేళ వచ్చిందని చెబితే దవాఖానాకు తీసుకుపోతారు. పోతే మళ్లీ ఆ తలుపే. తలుపు దాటితే ఒట్టు తప్పినట్టు. ఒట్టు తప్పితే... అక్కడిదాకా వచ్చేసరికి గోడ మీది యాదగిరి నర్సన్నకు దండం పెట్టి, మళ్లీ వాము దగ్గరికి పోయేది. గురక అన్నాక ఎవరిదో ఒకరిది కావాలి కాబట్టి, చివరికి తనదే అనేసింది.

ఒక్క అబద్ధంతో పోతే బాగుండేది. కొన్నాళ్లకు గీతిక టీవీ సౌండు పెంచడం మొదలుపెట్టింది. ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల కంపెనీలో షిఫ్టు దిగి వచ్చిన ఉపేందర్ గుమ్మంలోనే చెవులు మూసుకున్నాడు.

"ఏందమ్మా గా సౌండు? మల్లాపూర్ దాక ఇనపడ్తున్నది!"

"నాకే ఇనపడ్తలేదురా. చెవులు జర మందమైనయ్."

"నీకా?"

"ముసలిదాన్నైతలేనా మరి?"

ఉపేందర్ తల్లిని వింతగా చూశాడు. వంటింట్లో పోపు వేస్తూనే గేటు అవతల సుశీలమ్మ ఎవరి గురించి ఏం గుసగుసలాడుతోందో పట్టెయ్యగల చెవులు అవి.

తర్వాత బడి. సాయంత్రం పిల్లను తీసుకురావడానికి పోతే, టీచరు ఉమ ఆపింది. "గీతిక పిలిస్తే పలకడం లేదండీ. వెనక కూర్చోబెడితే ఏదీ వినిపించుకోవడం లేదు. ఇంట్లో ఒకసారి చెప్పండి."

"మా ఇంట్ల అందరం గంతే మేడం. పిలిస్తే పలికే వంశం కాదు మాది" అని పిల్ల చెయ్యి పట్టుకొని వచ్చేసింది. ఇంట్లో చెప్పలేదు.

ఇక చూడాలి ఆ ఇంటి వైభోగం! మానస "అత్తయ్యా! అన్నం!" అని మైకు మింగినట్టు అరుస్తోంది. ఉపేందర్ చేతులు ఊపుతూ మాట్లాడుతున్నాడు. కూరగాయల బండాయన టమాటాల ధర ఆమె చెవిలో కేక పెడుతున్నాడు. అవన్నీ ఒక ఎత్తు, సుశీలమ్మ ఒక ఎత్తు. ఆ మహాతల్లి గేటు ముందర నిలబడి, కౌసల్యమ్మ మొహంలోకి నవ్వుతూ చూస్తూనే, పక్కింటామెతో హాయిగా చెప్పుకుంది.

"చెవులు పోయినంక జర మంచిగైంది పాపం. లేకుంటే ఏం నోరు, ఏం నోరు! లగ్గంల అన్నం మాడగొట్టి కట్టెల మీద వెట్టిన మనిషి. మా పోరనికి లేని రోగం అంటగట్టింది."

ప్రతి ముక్కా వినపడింది. ఒక్క ముక్కకూ జవాబు చెప్పడానికి లేదు. కౌసల్యమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఏమీ విననట్టు నవ్వింది. తర్వాత వంటింట్లోకి పోయి చింతపండు పిసికిన తీరు చూసినవాళ్లకెవరికైనా ఆ చింతపండు పేరు సుశీలమ్మ అని తెలిసిపోయేది.

ఇదంతా ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. గీతికకు తల దువ్వుతోంది. పిల్ల ముందుకు చూస్తూనే అడిగింది.

"నానమ్మా, నాకు మల్ల అయ్యిందా?"

"ఏమైందే?"

పిల్ల పలకలేదు. కౌసల్యమ్మ ముందుకు వంగి గట్టిగా అడగాల్సి వచ్చింది.

"ముక్కుల అది" అంది గీతిక.

"ఏం కాలే. ఉత్త జలుబు."

"అయితే ఆ తలుపు లోపటికి పోవుడు లేదు కదా? నువ్వు ఒట్టేసినవ్."

"ఏసిన బిడ్డా. ఏసిన."

పాపిట దగ్గర దువ్వెన ఆగింది. రెండేళ్ల కిందట చెయ్యి పెట్టింది సరిగ్గా అక్కడే. ఆమెకు దుఃఖం పొంగుకొచ్చి, జడ అడ్డదిడ్డంగా అల్లింది.

ఆ వారమే ఉపేందర్ ప్రకటించాడు. "అమ్మా, శనివారం ఉప్పల్ పోతున్నం. నీ చెవులు, నీ గురక రెండూ చూపిస్తం. పద్మశ్రీ డాక్టర్ దగ్గరనే. అపాయింట్‌మెంట్ తీసుకున్న."

"నాకేం రోగం? నేనెందుకు?"

"మరి గురక ఎవరిది?"

తాము తవ్విన గోతిలో ఇంత చక్కగా పడ్డవాళ్లను మనం ఎక్కడా చూసి ఉండం.

శనివారం ఉపేందర్, మానస బండి మీద ముందు పోయారు. ముసలివాళ్లిద్దరూ, మధ్యలో గీతిక, ఆటోలో వెనక పోయారు. హబ్సిగూడ దాటి మెట్రో లైను కింద పోతుంటే గీతిక పైకి చూసి రైలు రైలని అరిచింది. ఉప్పల్లో ఆ దవాఖానా ముందు ఆటో ఆగేసరికి పిల్ల గొంతు పడిపోయింది.

"ఇది నాకు కాదు కదా నానమ్మా?"

"నీకు కాదు. నాకే" అంది కౌసల్యమ్మ. ఆ మాటకొస్తే ఈ నెల రోజుల్లో ఆమె చెప్పిన నిజం అదొక్కటే.

దీప అనే అమ్మాయి ఆమెను అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు మిషను తగిలించింది. చప్పుడు వినపడగానే వేలు ఎత్తమంది. కుయ్... కుయ్... చీమ దగ్గినా వినపడే చెవులాయె! కౌసల్యమ్మ వేళ్లన్నీ గుప్పిట్లో బిగించి, బాగా గట్టిగా మోగినప్పుడు మాత్రం, పోనీలే పాపమని ఒక వేలు ఎత్తింది. దీప మొహం చిన్నబోయింది. కౌసల్యమ్మను డాక్టరమ్మ గదిలోకి తీసుకొచ్చి, వినికిడి బాగా తగ్గిందని, మిషను పెట్టుకోవాల్సి రావచ్చని చెప్పింది. పద్మశ్రీ, కౌసల్యమ్మ చెవులు రెండూ లైటు వేసి చూసింది. శుభ్రంగా ఉన్నాయి. ఆమెకేమీ అర్థం కాలేదు.

కనకరాజు కిటికీ దగ్గర అందరికీ వీపు చూపిస్తూ నిలబడి ఉన్నాడు. బయటి బస్సులను చూస్తూ, తనలో తాను గొణుక్కున్నంత మెల్లగా అన్నాడు.

"ఏమాటకామాటే చెప్పుకోవాలె. ఉపేందర్ లగ్గంల బగార అన్నం మాడగొట్టింది మా కౌసల్యనే."

"ఎవరు మాడగొట్టిన్రు? గా పొయ్యి వెట్టినోడు సక్కగ వెడితే ఎందుకు మాడ్తది?"

దీప చేతిలోని రిపోర్టు చూసుకొని, కౌసల్యమ్మను చూసింది. కౌసల్యమ్మ చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాట అప్పటికే దాటిపోయింది.

కనకరాజు ఇటు తిరిగాడు. ఆయన నవ్వడం లేదు.

"నలభై ఏండ్లల్ల ఒక్క తప్పు ఒప్పుకోని మనిషివి. ఒక్క నెలల గురక ఒప్పుకున్నవ్, చెముడు ఒప్పుకున్నవ్. గప్పుడే అనుకున్న, ఎవరికోసమో మోస్తున్నవని. గురక ఎవరిది కౌసల్యా?"

ఆయన అవతల కుర్చీలో కూర్చున్న మనవరాలి వైపు చూశాడు. గోడ మీద పెద్ద చెవి బొమ్మ ఉంటే, గీతిక కొంచెం నోరు తెరుచుకొని దాన్నే చూస్తోంది.

"గీతికా" అని మెల్లగా పిలిచాడు.

పిల్ల తిరగలేదు.

"గీతికమ్మా, ఐస్‌క్రీం తింటవా?"

తిరగలేదు. అక్కడ ఇంతమంది మాట్లాడుకుంటున్నట్టు కూడా తెలియనట్టు, కాళ్లు ఊపుకుంటూ బొమ్మ చూస్తోంది. గురకను దాస్తున్నానని అనుకుంది కౌసల్యమ్మ ఇన్నాళ్లూ. ఈ పిల్లకు లోకమే వినిపించకుండా పోతుంటే, టీవీ తనదని, చెముడు తనదని చెప్పి తలుపులు మూసింది.

"దానిదే" అంది. "గురక దానిదే. చెవులు గూడ దానియే. నేను దాని నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసిన డాక్టరమ్మా, మల్ల ఆ తలుపు లోపటికి పోనియ్యనని. ఒట్టు తప్పితే దానికేమన్న అయితే?" అని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

మానస కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి, కానీ అవి వేరే నీళ్లు. "నాకొక్క మాట చెప్పాల్సింది కదత్తయ్యా. నేను తల్లిని."

"తప్పు నాదే" అంది కౌసల్యమ్మ.

ఆ మాట విన్న ఉపేందర్ దగ్గరున్న కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆకాశం ఊడిపడుతుందేమోనన్నట్టు ఒకసారి పైకి కూడా చూశాడు.

డాక్టరమ్మ గీతికను మానస ఒళ్లో కూర్చోబెట్టించి, ముక్కులోకి సన్నటి కెమెరా పెట్టి టీవీలో చూపించింది. ముక్కు వెనకాల దారిలో, ఒక పక్కన గులాబీ రంగు కండ గుబురుగా ఉంది. చెవులు పరీక్ష చేస్తే కర్ణభేరి వెనకాల నీరు చేరి ఉంది. కౌసల్యమ్మ అప్పటికి కన్నీళ్లు తుడుచుకుంది. తుడుచుకోగానే పాత కౌసల్యమ్మ లేచి కూర్చుంది.

"అయితే మొదటిసారి మొత్తం తియ్యకుండ సగం ఎందుకు ఇడిచిపెట్టిన్రు? ఇల్లు ఊడిస్తే మూల ఇడిచిపెడ్తమా?"

"అమ్మా!" అన్నాడు ఉపేందర్.

పద్మశ్రీ నవ్వింది. "అడగనివ్వండి. అమ్మా, టాన్సిల్ అయితే గుల్లలోంచి గింజ వచ్చినట్టు మొత్తం ఊడి వస్తుంది. ఇది అట్లా కాదు. గోడకు పరుచుకొని ఉంటుంది, ఇక్కడిదాకా అని హద్దు ఉండదు. పైగా పక్కనే చెవిలోకి పోయే సన్నటి దారి ఉంది. అక్కడ మరీ గీకితే మచ్చ కట్టి ఆ దారే మూసుకుపోవచ్చు. అందుకని అంచున కాస్త వదిలేస్తాం. చాలామంది పిల్లల్లో అది అట్లాగే ఉండిపోతుంది. కొందరిలో మళ్లీ పెరుగుతుంది. చిన్న వయసులో తీసినవాళ్లలో, ముక్కుకు ఎలర్జీ ఉన్నవాళ్లలో ఎక్కువ."

కౌసల్యమ్మ జనగామ దగ్గర చేనులో పెరిగిన మనిషి. "గరిక లెక్కన" అంది. "ఎంత తవ్వినా ఏడనో ఒక ఏరు ఉంటది. వాన వడితే లేస్తది."

"అట్లాగే అనుకోండి. ముందు ముక్కులోకి స్ప్రే ఇస్తాను. కొంతమందికి దాంతోనే తగ్గిపోతుంది. ఎండాకాలం సెలవుల దాకా చూద్దాం. అప్పటికీ చెవుల్లో నీరు పోకపోతే మళ్లీ తీద్దాం."

"తీస్తే మల్ల రాదా?"

"చాలామందికి రాదు." డాక్టరమ్మ గీతిక ముక్కు తుడిచి దింపింది. "ఒట్టు మాత్రం నేను వెయ్యనమ్మా."

తిరుగుప్రయాణంలో ఆటోలో కౌసల్యమ్మ పిల్లను గుండెకు హత్తుకొని కూర్చుంది. ఉప్పల్ దాటింది, హబ్సిగూడ దాటింది, ఒక్క మాట లేదు. కనకరాజుకు ఆ మౌనం భయమేసింది. నలభై ఏళ్లలో అలవాటు లేనిది మరి.

"ఎందుకే గంత ఫికరు? ఒట్టు తీసి గట్టు మీద పెట్టు, అయిపోతది" అన్నాడు, ఆటో చప్పుడులో వినపడేలా గట్టిగా.

"గట్టేడున్నది పెట్టడానికి? నారపల్లి దాక పొలాలన్ని ప్లాట్లు చేస్తిరి. ఒక్క గట్టన్న మిగిల్చిన్రా?"

ఆ చేసిందంతా తానే అయినట్టు కనకరాజు తల దించుకున్నాడు. గీతిక మాత్రం తాత నోటివైపు, నానమ్మ నోటివైపు మార్చి మార్చి చూసింది.

స్ప్రే మొదలైంది. కౌసల్యమ్మ ఒక్క పూట తప్పనివ్వలేదు. బడికి పోయి టీచరు ఉమతో, మా వంశం పలికే వంశమేనని, పిల్లకు చెవుల్లో నీరు చేరిందని, ముందు బెంచీలో కూర్చోబెట్టమని చెప్పింది. తన చెవులు మాత్రం ఒక్కపూటలో బాగయ్యాయి. ఆ సంగతి మొదట తెలిసింది సుశీలమ్మకు. ఆ సాయంత్రం గేటు దగ్గర ఏం జరిగిందో ఇక్కడ రాయడం మర్యాద కాదు. కూరగాయల బండాయన ఆ రోజు మన గల్లీకి రాకుండా పక్క గల్లీ నుంచి చుట్టు తిరిగి పోయాడని మాత్రం చెప్పొచ్చు.

ఎండలు ముదిరేసరికి గురక సగం తగ్గింది. చెవుల్లో నీరు మాత్రం కదల్లేదు. డాక్టరమ్మ మళ్లీ చూసి, మిగిలిన కండ తీసేసి, చెవుల్లో నీరు పోవడానికి చిన్న గొట్టాలు పెడతానంది. ఆ మాట గీతికతో చెప్పే పని కౌసల్యమ్మే తీసుకుంది. ఎదురుగా కూర్చోబెట్టుకొని, మొహంలోకి చూస్తూ చెప్పింది. ఒట్టేసింది తానేనని, అది నిలబెట్టలేకపోతున్నానని కూడా చెప్పింది. పిల్ల ఏడవలేదు. లేచి మంచం కిందికి దూరి, చాలాసేపు రాలేదు. కౌసల్యమ్మ మంచం పక్కనే నేల మీద కూర్చుంది. ఎవరు పిలిచినా పోలేదు.

ఆపరేషన్ రోజు అదే తలుపు, అదే పచ్చ తెర. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు కూడా లేక గీతిక పెదాలు ఎండిపోయాయి. తలుపు దాకా ఎవరో ఒక్కరే రావాలని నర్సు చెప్పింది. మానస ముందుకు అడుగు వేసింది. పిల్ల తల్లి చెయ్యి వదిలి, కౌసల్యమ్మ కొంగు పట్టుకుంది. మానస ఒక్క క్షణం నిలబడి, "మీరే వెళ్లండత్తయ్యా" అంది.

తలుపు పక్కన కిటికీ ఉంది. గీతిక అక్కడ ఆగింది. చెయ్యెత్తి, తన నెత్తి మీది నుంచి ఏదో తీసినట్టు గుప్పిట మూసింది. మునివేళ్ల మీద లేచి, ఆ గుప్పిటను కిటికీ గట్టు మీద తెరిచింది. పడిపోకుండా కొంచెం లోపలికి కూడా జరిపింది.

"ఏంది బిడ్డా అది?"

"నీ ఒట్టు. తాత చెప్పిండు కదా తీసి గట్టు మీద పెట్టుమని. గిది గట్టే కదా?"

"గట్టే" అంది కౌసల్యమ్మ. ఆ వెంటనే అలవాటు చొప్పున ఆమె చెయ్యి పిల్ల నెత్తి వైపు లేచింది. "ఈసారి మల్ల..."

గీతిక ఆ చేతిని గాలిలోనే పట్టేసుకుంది. "మల్ల ఒట్టెయ్యకు నానమ్మా. ఊకెనే చెయ్యి పట్టుకో."

పట్టుకుంది. తెర దాకా, నర్సు ఎత్తుకునేదాకా పట్టుకుంది.

బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాక ఉపేందర్ మెల్లగా అడిగాడు. "భయమైతున్నదా అమ్మా?"

ఏసీ చలి అనొచ్చు, ఫినాయిల్ వాసనకు కళ్లు మండుతున్నాయనొచ్చు. తప్పు పెట్టడానికి దవాఖానాలో వస్తువులకు కొదవ లేదు.

"మస్తు భయమైతున్నదిరా" అంది కౌసల్యమ్మ. కనకరాజు ఆమె పక్కకు జరిగి కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి గీతికను గదిలోకి తెచ్చారు. అంతా బాగా జరిగిందని, సాయంత్రం చూసి ఇంటికి పంపుతానని డాక్టరమ్మ చెప్పి వెళ్లింది. మందు మత్తులో పిల్ల నిద్రపోతోంది. కౌసల్యమ్మ కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కొని ఆ ఊపిరి వినసాగింది. ఎక్కడా ఆగడం లేదు, తట్టుకోవడం లేదు. వింటూ వింటూ, నెలల తరబడి నిద్ర లేని మనిషి కదా, ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో ఆమెకు తెలియలేదు.

మెలకువ వచ్చింది గుసగుసకు. కళ్లు తెరవలేదు, చెవులే తెరుచుకున్నాయి.

"తాతా" అంటోంది గీతిక బొంగురు గొంతుతో. "నానమ్మ గురక పెడ్తున్నది."

"నలభై ఏండ్లసంది పెడ్తున్నది బిడ్డా" అన్నాడు కనకరాజు, అంతకన్నా మెల్లగా. "అనకు. ఒప్పుకోదు."

నేనా? గురకనా? కౌసల్యమ్మకు ఒళ్లు మండిపోయింది. నలభై ఏళ్లుగా ఇంత నింద మనసులో పెట్టుకొని, పక్కనే తిని పక్కనే తిరుగుతున్నాడా ఈ మనిషి? లేచి నాలుగు దులపడానికి నోరు తెరవబోయింది. తెరవబోతూ ఆగింది.

పిల్ల విన్నది. మంచం మీది నుంచి, పక్కనున్న మనిషి గురక విన్నది. తాత గొణుగుడు కూడా విన్నది.

కౌసల్యమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. తర్వాత, ఈసారి కావాలనే, ఇందాకటికన్నా చాలా సన్నగా ఒక గురక పెట్టింది. పెట్టి, ఊపిరి బిగబట్టింది.

"అగో, మల్ల!" అని గీతిక కిలకిలా నవ్వింది.